తిత్తి పలకని పెత్రమాస

మొన్న వనపర్తి మార్కెట్లో పెరుగు కొనబోతే, నా వేలు దానంతట అదే డబ్బా అడుగున గోటితో టిక్కుమని కొట్టింది. కొట్టతను నా వంక అదోలా చూసి "పెరుగు గడ్డగనే ఉందిలేమ్మా" అన్నాడు. నేను పరీక్షించింది పెరుగును కాదు, డబ్బాను. పలచనిదైతే కీచుమంటుంది, మందమైతే మూగనోము పడుతుంది. ఇంత పనికిమాలిన జ్ఞానాన్ని నాకు అంటించిన మహానుభావుడు మా ఇంటాయన. బస్సు డ్రైవరుగా ఉన్నన్నాళ్లు గద్వాల రోడ్డు మీది గుంతలను, నాగర్‌కర్నూల్ రోడ్డు మీది గొర్రెల మందలను తిట్టుకుంటూ బాగానే ఉండేవాడు. రిటైరై కాళ్లు చాపుకుని కూర్చున్నాకే నా నెత్తి మీదికొచ్చింది. ఖాళీగా ఉన్న మగవాడి కంటికి ఇంట్లోని ప్రతి వస్తువూ మరేదో వస్తువుకు విడిభాగంలా కనిపిస్తుందని నాకు అప్పుడే తెలిసింది.

మా అత్తగారి ఊరు వీపనగండ్ల పక్కన ఒక పల్లె. మా మామ అక్కడ యక్షగానం మేళానికి శ్రుతి పట్టేవాడు. ఆ మేళంలో హార్మోనియం లేదు, శ్రుతికి తిత్తే దిక్కు. మేకతోలును చినగకుండా ఒలిచి సంచిలా కట్టి, ఒక కాలి దగ్గర ఊదే గొట్టం, ఇంకో కాలి దగ్గర పలికే గొట్టం బిగిస్తారు. ఊది నింపి చంకలో పెట్టుకుని నొక్కుతూ ఉంటే ఒకే స్వరం తెగకుండా వస్తుంది. దాని ప్రాణమంతా పలికే గొట్టం లోపల దాక్కున్న పీకలో ఉంటుంది. వేలెడంత సన్న బొంగు ముక్క, దాని పక్కన చీల్చి వదిలిన నాలుక. గాలి తగిలితే ఆ నాలుక అదురుతుంది, అంతే సంగతి. మామ పోయాడు, మేళం చెదిరిపోయింది, తిత్తి మాత్రం దూలానికి వేలాడుతూ మిగిలింది. పెద్దలకు పెట్టుకునే పెత్రమాస అమావాస్య నాడు దాన్ని దించి ఊదడం ఆ ఇంటి ఆనవాయితీ, మామ తర్వాత ఆ పని మా ఆయనది. పెద్దలకు విస్తళ్లు వడ్డించాక తిత్తి పలకాలి, అది పలికాకే ఇంట్లో ఎవరైనా ముద్ద ముట్టాలి. పక్క ఇళ్లలో పెద్దలు సాంబ్రాణి పొగకే దిగివస్తారు, మావాళ్లకు మాత్రం మేళంతో పిలుపు కావాలా అని కొత్త కోడలిగా ఉన్నప్పుడే విసుక్కున్నాను. మనసులోనే లెండి.

ఆయన రిటైరైన ఏడాది, పండుగ పనుల కోసం మేమిద్దరం ముందురోజే పల్లెకు చేరాం. నేను ఇల్లు అలికి సామానంతా కడుగుతుంటే మా ఆయనకు భక్తి ముదిరింది. పీకను కూడా కడగాలన్నాడు.

"ఎంగిలిది పెద్దల ముంగట పెడ్తమా?" అని నన్నే నిలదీశాడు.

"గది తోలు లోపటుంటది కదయ్యా, దానికి ఎవల నోరు తాకుతది?" అన్నాను.

వింటేనా! నోరు తాకకపోతే ఏమిటి, ఊపిరి తాకింది కదా అన్నాడు. ఊపిరి కూడా ఎంగిలేనట. ఈ లెక్కన ఊళ్లో గాలంతా ఎంగిలే కదా అన్నాను, నాకు భక్తి లేదన్నాడు. మరిగే నీళ్లలో పసుపు వేసి, అందులో పీకను ముంచి తీసి, మిద్దె మీద ఎర్రటి ఎండలో పెట్టాడు. సాయంత్రం వెళ్లి చూస్తే బొంగు నిలువునా పగిలి, నాలుక విరిగి, పళ్లు కుట్టుకోవడానికి తప్ప దేనికీ పనికిరాకుండా ఉంది. రాజోలి దగ్గర తుంగభద్ర ఒడ్డున బొంగులేరి పీకలు కోసే ముసలాయన ఎప్పుడో పోయాడు. ఆయన కొడుక్కి ఫోన్ చేస్తే "నాకా పని తెల్వదన్నా, నేను పట్నంల సెంట్రింగ్ జేస్తున్న" అని పెట్టేశాడు.

తెల్లారి నేను గారెల పిండి రుబ్బుతుంటే ఇంట్లో వస్తువులు ఒక్కొక్కటే మాయం కాసాగాయి. ముందు రాతపెన్ను పోయింది. దాని గొట్టానికి పక్కన కిటికీలా కోసి, దాని మీద నా దువ్వెన పన్ను చెక్కి కట్టాడు. పలకలేదు. కొబ్బరిబొండం తాగే స్ట్రా కొసను చప్పగా నొక్కి కట్టాడు, అది తుస్సుమంది. తర్వాత దవాఖానాలో తీసిన నా మోకాలి ఎక్స్‌రే కనబడలేదు. చూద్దును కదా, కత్తెర మోకాలి చిప్ప దాకా వచ్చేసింది. అరిస్తే "నొప్పి నీ మోకాళ్ల ఉంటది గని, ఫిల్ముల ఉంటదా?" అన్నాడు. ఆఖరికి పెద్దల విస్తట్లో వేయడానికి తెచ్చిన పెరుగును తీసుకెళ్లి నా చారుగిన్నెలో కుమ్మరించి, ఆ డబ్బా పట్టుకుని అరుగెక్కాడు. చారు విరిగింది. ఆ క్షణాన మా మామ ఎదురుగా నిలబడితే ఆయనకూ నాలుగు తగిలించి ఉండేదాన్ని.

నా కోపం పెరుగు కోసమో మోకాలి కోసమో కాదు. అత్తమ్మ కోసం. ఆమెకు షుగరు. వేళకు మాత్ర వేసుకుని తినాలి, లేకపోతే చెమటలు పట్టి సోలిపోతుంది. అంతకుముందు ఒకసారి అలాగే పడిపోతే ఆటోలో వేసుకుని పరుగెత్తాం. చూపు కూడా ఆనక గడప పక్కన గోడకానుకుని కూర్చుంది. పొద్దుటి నుంచి చాయ్ కూడా ముట్టలేదు. మధ్యాహ్నం దాటింది, విస్తట్లో గారెలు చల్లారాయి. ఆమె నుదుట సన్నగా చెమట పట్టడం నేను చూశాను. పాలగ్లాసు తీసుకెళ్లి బతిమాలాను.

"అత్తమ్మా, జర ఒక్క గుక్క తాగు. పెద్దలు ఏమనరు."

"పెద్దలేమనరే పిల్లా. మీ మామ పిలువందే ఏ పెత్రమాస తిన్న నేను? గిప్పుడు ఆ గొంతు ఇనకుండ ముద్దెట్ల దిగుతది?"

నాకు ఏడుపొచ్చింది. బయటికొచ్చి, ఆ కోపమంతా అరుగు మీది మనిషి మీద చూపించాను. ఆయనా భయపడే ఉన్నాడు, చెమటలు కారుతున్నాయి. పెరుగు డబ్బా అడుగు నుంచి నాలుకలా ఒక పేలిక కోసి, పెన్ను గొట్టానికి మిషన్ దారంతో బిగించి, తిత్తిలో పెట్టి నొక్కాడు. సర్రున కీచుమంది. గోడ అవతలి నుంచి పక్కింటామె "అక్కా, మీ కుక్కర్ దించండ్రి!" అని కేకేసింది. నేను నెత్తి కొట్టుకున్నాను. ఆయన మాత్రం పంతంగా కొవ్వొత్తి వెలిగించి, నాలుక కొసన ఒక చుక్క మైనం వేశాడు. బరువుంటే గొంతు దిగుతుందట. మళ్లీ నొక్కాడు.

ఈసారి గొంతు దిగింది. దిగి, పగిలి, ఆగి, మళ్లీ లేచింది. ముళ్లకంచెలో ఇరుక్కున్న దూడ అరిచినట్టుంది.

"ఆపయ్యా! గిది ఇంటే వచ్చిన పెద్దలు సుత ఉరుకుతరు!" అని అరిచాను.

"ఆపకు," అంది అత్తమ్మ లోపలి నుంచి.

వెళ్లి చూస్తే గోడను వదిలి నిటారుగా కూర్చుని ఉంది. కళ్ల నుంచి నీళ్లు కారుతున్నాయి, నోరు మాత్రం నవ్వుతోంది.

"నా పెండ్లైన కొత్తల మీ మామ గిట్లనే ఊదెటోడు. పీకలు కోస్తనని నా కొత్త చాట బద్దలన్ని గుంజిండు. చీపురు మిగలనియ్యలే. పొద్దుందాక గిదే దూడ అరుపు. ఈనితోని నేనేగలేనని మూట గట్టుకోని తల్లిగారింటికి సుత పోయిన. మంచిగ ఊదంగ ఊరంత ఇన్నది బిడ్డా. గిది నేనొక్కదాన్నే ఇన్న."

పాలగ్లాసు కోసం చెయ్యి చాపింది. తాగి, మాత్ర వేసుకుని, రెండు గారెలు అడిగి మరీ తిన్నది. నాకు గుండె నిండిపోయింది. దాని వెనకే మంట కూడా లేచింది. ఈ మాట పొద్దున్నే చెబితే స్ట్రా ఊదినప్పుడే అన్నం పెట్టేదాన్ని కదా!

మరుసటి ఏడు పెత్రమాసకు మామ విస్తరి పక్కన అత్తమ్మకూ ఒక విస్తరి వేశాం. అప్పటికి మా ఆయన చెయ్యి బాగా తిరిగింది. తిత్తిని చంకన పెట్టి నొక్కితే స్వరం వంక లేకుండా, నిండుగా, తెగకుండా వచ్చింది. వాకిట్లో నిలబడిన వాళ్లు అచ్చం నాయన లెక్కనే ఊదుతున్నవని మెచ్చుకున్నారు. నాకు మాత్రం ఒళ్లు మండింది.

"గది కాదు, దూడ పీక పెట్టు," అన్నాను.

"గదెప్పుడో పారేసిన. అయినా గదెందుకు? గిది మంచిగ పలుకుతుంది కద."

"అత్తమ్మ దేనికొస్తదో నీకు తెల్వదా?"

ఆయన తిత్తిని పక్కన పెట్టాడు. కత్తెర, దారం, కొవ్వొత్తి తెచ్చుకుని అరుగు మీద కూర్చున్నాడు. అప్పటి నుంచి ప్రతి పెత్రమాసకూ కూర్చుంటూనే ఉన్నాడు. వంకరగా కోస్తాడు, వదులుగా కడతాడు, మైనం ఎక్కువ పోస్తాడు, నేను పక్కన నిలబడి తిడుతూనే ఉంటాను. ఎంత చెడగొట్టి చేద్దామన్నా ఆయన చేతిలో ప్రతి పీకా చక్కగానే పలుకుతోంది. కాలం మనిషి చేతికి పని నేర్పుతుందే గానీ, ఆ పని రాని రోజులను మళ్లీ ఆ చేతిలో పెట్టదు.