మూడొందల ఐదు వోల్టులు

కర్నూలు రాజధానిగా ఉన్న రోజుల్లో నేను అక్కడి ఒక కాలేజీలో ఫిజిక్సు డెమాన్‌స్ట్రేటరుగా పనిచేసేవాణ్ణి. ఉద్యోగం తాత్కాలికం. జూన్‌లో ఖాయం చేస్తారో లేదో మా ప్రొఫెసరు మాట మీద ఆధారపడి ఉండేది. ఆ భయంతోనే ఆ సంవత్సరమంతా గడిపాను. నేను చేసిన తప్పుకు ఆ భయమే కారణమని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను గాని, అది సగమే నిజం.

ఆ ఏడు బి.ఎస్సీ. ఆఖరి తరగతిలో ఎమ్మిగనూరు నుంచి వచ్చిన ఒక నేతవాళ్ళ అబ్బాయి ఉండేవాడు. ఎక్కువ మాట్లాడేవాడు కాదు. మీటరు చూసేటప్పుడు ముల్లు పూర్తిగా నిలిచేదాకా ఊపిరి బిగబట్టి చూసేవాడు. అంత ఓపికగా రీడింగు తీసే పిల్లవాణ్ణి నేను అంతకు ముందు చూడలేదు.

ప్రాక్టికల్ పరీక్షలో చీటీ తీస్తే అతనికి తీగచుట్ట ప్రయోగం వచ్చింది. ఇనుప కడ్డీ మీద వేల చుట్లు చుట్టిన రాగితీగ, దాని వెంబడే ఒక దీపం, రెండింటికీ గోడలోని ఏ.సీ. కరెంటు. దీపం కొసల మధ్య ఎన్ని వోల్టులు, చుట్ట కొసల మధ్య ఎన్ని వోల్టులు, రెండూ కలిపి ఎన్ని అని మూడు కొలతలు తీసి లెక్క కట్టాలి.

నేను బల్లల మధ్య తిరుగుతూ అతని కాగితం మీదికి వంగాను. దీపానికి నూట ముప్పై, చుట్టకు నూట డెబ్భై ఐదు, మొత్తానికి రెండొందల ముప్పై అని రాసి ఉంది.

"ఏమప్పా ఇది?" అన్నాను గొంతు తగ్గించి. "ఈ రెండూ కలిపితే మూడొందల ఐదు. గోడలోంచి వచ్చేదే రెండొందల ముప్పై. మిగిలింది యాడినుంచి వచ్చె?"

"మూడు తూర్లు చూసినా సార్. అంతే వస్తాండాది."

"మీటరు తప్పు చూస్తాండావు. సరిగా రాయి."

పరీక్షలో నేను నోరు విప్పకూడదు. విప్పాను. విప్పి తప్పు చెప్పాను. ఉదయం నుంచి బ్యాటరీ ప్రయోగాలే చూసి చూసి, ఏ వోల్టులైనా కూడితే సరిపోవాలన్న లెక్కే నా తలలో నిలిచిపోయింది. అతను నా ముఖం వైపొకసారి చూసి, నూట డెబ్భై ఐదు కొట్టేసి వంద అని రాశాడు.

బ్యాటరీ నీళ్ళు చూడటానికి వెనక గదిలోకి వెళ్ళాను. అక్కడ సీసా చేతిలో పట్టుకుని ఉండగా తట్టింది. బ్యాటరీ కరెంటయితే చుట్ట మామూలు తీగలాగే ఉంటుంది. కాని ఏ.సీ. కరెంటు క్షణక్షణం మారుతుంది, చుట్ట ఆ మార్పును అడ్డుకుంటుంది. అందువల్ల చుట్ట మీది వోల్టులు ముందుగా శిఖరానికి చేరతాయి, దీపం మీదివి వెనకబడి చేరతాయి. రెండు శిఖరాలూ ఒకే క్షణాన రావు. కాబట్టి వాటిని ఊరికే కూడితే మొత్తం కంటే ఎక్కువే వస్తుంది. రావాలి కూడా. ఇదంతా నేను చదివిందే, ఆ ఏడు నోటుబుక్కులో రాయించిందే.

గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాను. బయటి ఊరి నుంచి వచ్చిన ఎగ్జామినరు ఇంకా రెండు బల్లల అవతల ఉన్నాడు. ఐదారు అడుగులు వేసి "పాతదే రాయి" అంటే చాలు. ప్రొఫెసరు కిటికీ దగ్గర కూర్చుని ఉన్నారు. నేను అడుగు వేయలేదు.

ఎగ్జామినరు కాగితం చూడగానే నవ్వాడు. "ఇంత చక్కగా కలిశాయేం బాబూ?" అని తానే మీటరు అందుకుని చుట్ట కొసలకు పెట్టాడు. ముల్లు నూట డెబ్భై ఐదు దగ్గర నిలిచింది. కొట్టేసిన అంకెను వేలితో చూపించి, "సరైనది కొట్టేసి దొంగ రీడింగు రాశావు. ఎవరు చెప్పారు నీకు?" అన్నాడు.

అబ్బాయి తలెత్తాడు. నేను గుమ్మంలోనే ఉన్నాను. నా వైపు చూశాడు, తర్వాత బల్ల వైపు చూశాడు.

"ఎవురూ చెప్పల్యా సార్. నేనే రాసినా."

ఫలితాల్లో అతను ప్రాక్టికల్‌లో తప్పాడు. నా ఉద్యోగం ఖాయమైంది.

పది రోజులు తిండి సయించలేదు. పదకొండో రోజు బస్సెక్కి ఎమ్మిగనూరు వెళ్ళాను. అతను మగ్గం గుంతలో కాళ్ళు పెట్టుకుని నాడె విసురుతున్నాడు. నన్ను చూసి గబగబా లేచాడు. వాళ్ళమ్మ మజ్జిగ తెచ్చి ఇచ్చింది.

"మావోడు తప్పినాడని ఇంత దూరం వచ్చినారా సార్? మీరంటే వానికి శానా గురి. మళ్ళా రాస్తాడులే, మీరేం బాధపడొద్దండి."

మజ్జిగ గ్లాసు పక్కన పెట్టాను. ఆమె లోపలికి వెళ్ళాక చెప్పాను, "ఆ పొద్దు నేను చెప్పింది తప్పప్పా. నీదే సరి."

"తెలుసు సార్. బస్సులో వస్తా యోచన చేసినా. రెండూ ఒకే తూరి పైకి రావు గదా."

వేళ్ళకు అంటిన గంజి గోక్కుంటూ మెల్లగా అడిగాడు.

"సార్, ఆయప్ప నా బల్ల కాడికి వచ్చేతలికి మీకు తెలిసిందా?"

ఆ ఒక్క మాట కోసమే నేను అంత దూరం వెళ్ళాను. నిజం చెప్పడానికే వెళ్ళాను.

"లేదు," అన్నాను. "ఇంటికి పోయినాక తెలిసింది."

"అదే అనుకున్యా సార్," అన్నాడు. అతని ముఖం తేటపడింది. అది చూసి నాకు లేచి పారిపోవాలనిపించింది.

సెప్టెంబరులో మళ్ళీ రాసి పాసయ్యాడు. రెండేళ్ళకు ఒక పవర్‌హౌస్‌లో పని దొరికిందని ఉత్తరం రాశాడు. తర్వాత పెళ్ళి శుభలేఖ వచ్చింది. పసుపు పూసిన అంచు పక్కన సొంత దస్తూరీతో, "మీరు తప్పక రావాల, మా అమ్మ కూడా చెప్పమనింది" అని రాశాడు.

సెలవు కూడా పెట్టాను. ఆ పొద్దు బస్టాండు దాకా వెళ్ళి, ఎమ్మిగనూరు బస్సు కదిలేదాకా టీకొట్టు దగ్గరే నిలబడి, తపాలాఫీసుకు పోయి శుభాకాంక్షల తంతి ఇచ్చి ఇంటికి వచ్చాను.