డబ్బాల కింద చివరి పేజీలు

లెక్కల మాస్టారు పోయారని మొన్న పొద్దున్న నాకు చెప్పినవాడు మా పాలవాడు. నేను నమ్మలేదు. పాలలో నీళ్ళ సంగతే నిజం చెప్పనివాడు చావు సంగతి చెబుతాడా? చర్చి గంట వినబడ్డాకనే చేతిలో గిన్నె కింద పెట్టాను. నాకు అనుమానం జాస్తి అని వీధంతా ఎరుగుదురు. ఆ అనుమానంలో పెద్ద వాటా ఒకప్పుడు ఆ మాస్టారికే దక్కింది. కాబట్టి ఆయన గురించి నాలుగు ముక్కలు రాయవలసిన బాధ్యత నాది.

ఆయన కొత్తపేటలో లెక్కల లెక్చరరుగా చేసి రిటైరై, మా వీధి చివర ఇల్లు కట్టుకున్నారు. తెల్లచొక్కా, ఎండకీ వానకీ ఒకటే గొడుగు, కళ్ళజోడుకి నల్లదారం. ఎంసెట్ రాంకులు రాగానే, ఏ కోర్సులో చేర్చాలో చెప్పమని పిల్లల తల్లిదండ్రులు ఆయన దగ్గరికి పరిగెత్తేవారు. ఆయన రాంకు అడిగేవారు కాదు. పిల్లల రఫ్ పుస్తకం అడిగేవారు.

రఫ్ పుస్తకాలతో ఈయనకేం పని? పొట్లాలకి అమ్ముకుంటున్నారేమో అనుకున్నాను మొదట. అప్పటికి ఎక్కడ చూసినా ఇంజనీరింగు కాలేజీలు లేచాయి. వాటి సీట్లు నింపిపెట్టే పెద్దమనుషులూ లేచారు. ఈయనా ఆ బాపతేనేమో అనుకున్నాను తరవాత.

ఇంకొకటి దాచకుండా చెప్పాలి. ఆయన తాతలు మా బోటివాళ్ళ చేలల్లో ఊడ్పులు ఊడ్చినవాళ్ళు. ఆయన మా ఇంటికొస్తే అరుగు మీదే కూర్చునేవారు. ఆయన కాఫీకి ఒక స్టీలు గ్లాసు వేరే ఉండేది. తాగి, తొలిపి, అరుగు చివర బోర్లించి వెళ్ళేవారు. అలా చెయ్యమని ఎవరూ చెప్పలేదు. చెప్పనక్కర్లేకపోవడమే మా ఇంటి మర్యాద.

తొమ్మిదేళ్ళ క్రితం మా మనవరాలికి మంచి రాంకు వచ్చింది. కంప్యూటర్లే అని మా అబ్బాయి తేల్చేశాడు. ఆ రోజుల్లో కంప్యూటర్లు కాక ఇంకోటి చదివే పిల్లని చూసి జాలిపడేవారు. పిల్లేమో నోరు మెదపదు. వారంలో కాకినాడలో కౌన్సెలింగు. అక్కడ ఒకసారి పేరు చెప్పాక నాలుగేళ్ళూ అదే చదవాలి. ఒక్కసారి మాస్టారికి పుస్తకం చూపిద్దామంది మా కోడలు.

పంపే ముందు పుస్తకం నేను చూశాను. చివరి పేజీల నిండా తారీఖులు. పక్కన "మూడు మెట్లు", "రెండున్నర". ఒకచోట "రేవు, సాయంత్రం ఆరు, అయిదు మెట్లు" అని. తారీఖుంది, చోటుంది, వేళ ఉంది. ఎవడో కుర్రాడున్నాడని నిర్ధారించుకున్నాను. నేను బి.ఏ. చదివాను. చదువు వల్ల అనుమానం తగ్గదు, సాక్ష్యాలతో సహా పెరుగుతుంది. ఆ పేజీలు స్కేలు పెట్టి శుభ్రంగా చింపాను. పారేస్తే ఎవరైనా చదువుతారు, కాలిస్తే ఏమిటని అడుగుతారు. అందుకని వంటింటి అరలో పరిచి, పైన పోపు డబ్బాలు వరసగా సర్దేశాను.

రెండ్రోజులకి మాస్టారు అరుగెక్కారు. చివర పేజీలు లేవన్నారు.

"ఎలకలు కొట్టేసేయి మాస్టారూ" అన్నాను.

"ఎలకలు స్కేలు పెట్టి కొరకవు కదండీ అమ్మగారూ."

దొరికిపోయినవాళ్ళు ఎదురు తిరుగుతారు. నేనూ అంతే. మా పిల్లని చేర్పించమని మీకు ఏ కాలేజీవాళ్ళు చెప్పేరని మొహమ్మీదే అడిగేశాను.

"ఆయ్, చాలామందే చెప్పేరండి" అన్నారు, కోపం లేకుండా. "అందుకేనండి పుస్తకం అడుగుతాను. ముందు పేజీల్లో మేం చెప్పింది రాస్తారండి. ఆఖరి పేజీల్లో ఎవరూ చెప్పంది రాసుకుంటారు. నాకు అదే కావాలండి."

గుమ్మంలో పిల్ల నిలబడి ఉంది. "మామ్మా, అవి చింపేసేవా?" అంది. ఆ గొంతు విన్నాక పేజీలు తేకుండా ఉండలేకపోయాను. కానీ నూనె డబ్బా కారి, కాగితాలు చెక్కకి అంటుకుపోయాయి. లాగితే ఒక మూల చేతికొచ్చింది. "లాగకు మామ్మా" అని పిల్ల ఏడుపు మొహం పెట్టింది.

మాస్టారు చెప్పులు అరుగు కిందే విడిచి వంటింటి గడప దాకా వచ్చి ఆగారు. "లోపలికి రావచ్చాండీ?"

రండి అన్నాను. మర్యాద కొద్దీ అన్నానో, దొరికిపోయి అన్నానో నాకిప్పటికీ అనుమానమే.

ఆయన ఒక్కో డబ్బా ఎత్తి, కింద రాసింది చదివి, మళ్ళీ పెట్టారు. మెంతులు, ఆవాలు, పసుపు. ఏమిటమ్మా ఇవి అని పిల్లని అడిగారు. కాలవ రేవులో రోజూ ఎన్ని మెట్లు మునుగుతున్నాయో రాసుకున్నానంది. ఎవరు రాయమన్నారని అడిగారు.

"ఎవరూ చెప్పలేదండి. లాకు తలుపులు ఎత్తి కాలవకి నీళ్ళొదిలిన రోజు పై ఊరికి మధ్యాన్నమే నీళ్ళొస్తాయండి, మనకి సాయంత్రానికి గాని రావు. ఒక్కోసారి అసలు రావు. ఎందుకా అని."

మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "ఇది సివిలమ్మా. చదువుతావా?"

"చదువుతానండి."

"అయితే మీ నాన్నగారికి నువ్వే చెప్పుకోవాలి. నే చెబితే నా మాటవుద్ది."

చెప్పింది. ఇసకా కంకరా చూసుకోడానికా ఇంత రాంకు అని మా అబ్బాయి ఎగిరాడు. మాస్టారితో రెండేళ్ళు మాట్లాడలేదు. కాకినాడలో నిజంగా సివిలేనా అని అక్కడివాళ్ళు రెండుసార్లు అడిగారట. రెండుసార్లూ అవునందట. ఇప్పుడు కాలవల మీద ఇంజనీరు. మధ్యలో కంప్యూటర్లవాళ్ళకి ఉద్యోగాలు దొరకని ఏడాదొకటి వచ్చింది. మాస్టారి జోస్యమే అన్నారు వీధిలో. "నాకేం తెలుసండి, నేను మెట్లే చూసేను" అన్నారాయన.

ఆ రోజు ఆయన వెళ్ళాక, ముట్టుకున్న డబ్బాలు కడగాలా అని నా చెయ్యి ఒక్క క్షణం ఆగింది. ఆగిందని రాయడానికి ఇన్నేళ్ళు పట్టింది. కడగలేదు. తరవాత ఎప్పుడొచ్చినా కుర్చీ హాల్లో వేయించాను. గ్లాసు మాత్రం ఆయన అలాగే తొలిపి బోర్లించేవారు. వద్దండీ అనడానికి నాకు తొమ్మిదేళ్ళు చాలలేదు.

మొన్న మొదటిసారి వాళ్ళింటికి వెళ్ళాను. వాళ్ళావిడ అంత దుఃఖంలోనూ కాఫీ ఇప్పించింది. తాగాక ఆ గ్లాసు ఎక్కడ పెట్టాలో తెలియక, ప్రార్థన అయ్యేదాకా చేతిలోనే పట్టుకు కూర్చున్నాను.

సమాధి దగ్గర్నుంచి మనవరాలు నాతో ఇంటికొచ్చింది. అరకి అంటుకుపోయిన తన రఫ్ పుస్తకం కాగితం తీసుకెళ్తానంది. ఇవ్వలేదు. అరలో పరిచిన మిగతా కాగితాలు ఎన్నోసార్లు మార్చాను గాని, ఆ ఒక్కటీ మార్చలేదు. దాని మీద పసుపు డబ్బా గుండ్రటి మరక ఉంది. ఆ రోజు మాస్టారు చదివి పెట్టేటప్పుడు డబ్బా మరక మీద కూర్చోలేదు. బెత్తెడు పక్కకి, "మూడు మెట్లు" అన్నచోటు కనబడేలా కూర్చుంది. ఇప్పటికీ పసుపు తీసుకుని, మళ్ళీ అక్కడే పెడుతున్నాను.