వాడి బూట్లతో ఎక్కిన అగ్నిపర్వతం

అమెరికాలోని బెంటన్‌విల్‌లో పెళ్ళికాని కుర్రాళ్ళం నలుగురం ఒకే అపార్ట్‌మెంట్‌లో ఉన్న కాలంలో, ఏ సంగతైనా ముందు ఎవరు చెబితే వాళ్ళు చెప్పిందే నిజం. ఆ వెసులుబాటును నాలా వాడుకున్నవాడు లేడు. పన్నెండేళ్ళుగా ఇక్కడి తెలుగువాళ్ళంతా మా ప్రింటవుట్‌ని 'పాంపేలో గుడి బయట బూట్లు వదిలి పోగొట్టుకున్న అమాయకుడు' అని నవ్వుతున్నారు. (ఎక్కడికెళ్ళినా దారి ప్రింట్ తీసుకుని బయల్దేరే నా రూమ్మేట్‌కి మేం పెట్టిన పేరు ప్రింటవుట్.) మొన్న గ్రోసరీలో ముక్కూమొహం తెలియని పెద్దమనిషి ఒకాయన ఆ కథ నాకే చెప్పాడు, అదీ తప్పులతో. ఒళ్ళు మండిపోయింది.

అసలు జరిగింది ఇది. ఆఫీస్ పని మీద మా ఇద్దరినీ రెండు వారాలు ఇటలీ పంపారు. ఆదివారం బస్ టూర్: పొద్దున బూడిదలో కూరుకుపోయిన రోమన్ల ఊరు పాంపే, మధ్యాహ్నం ఆ బూడిద కక్కిన వెసూవియస్ కొండ. ప్రింటవుట్‌కి శిథిలాలు పట్టవు. కొండ కొసకెక్కి ఆ బిలంలోకి తొంగిచూడాలి, అంతే. నెలరోజులుగా అదే జపం. శిథిలాల్లో ఒకచోట గైడ్ "ఇది అపోలో దేవుడి గుడి" అంది. పైకప్పు లేదు, గర్భగుడిలో దేవుడూ లేడు. అయినా గుడి అనగానే నా కాళ్ళు వాటంతటవే బూట్లలోంచి బయటికొచ్చాయి.

"ఇది మ్యూజియం లెక్క మామా, ఎవరన్న ఇప్పుతరా?" అన్నాడు వాడు.

"ఏ దేవుడైతే ఏంట్రా, గుడి గుడే" అని ఉపన్యాసమిచ్చి, సాక్సులు బూట్లలో కుక్కి, మెట్ల పక్కన వదిలి, ప్రదక్షిణ చేసి వచ్చేసరికి అవి లేవు. (ఎవరో పారేసుకున్నారనుకుని కాపలా మనిషి ఆఫీసులో ఇచ్చాడట. సాయంత్రం తెలిసింది.) ఎండకు రాళ్ళు పెనంలా కాలుతున్నాయి. నేను గెంతుతుంటే వాడు వంగి తన బూట్లు విప్పాడు. "నీది గూడ తొమ్మిదే గద, ఏస్కో. నాకు సాక్సులున్నయ్."

సాక్సులతో కొండ కంకర దారిలోకి రానివ్వరు. వాడు బస్సులో కూర్చున్నాడు. వాడి బూట్లతో, వాడి కొండ నేనెక్కాను. మర్యాదకైనా వద్దనలేదు.

తిరిగొచ్చాక, తలా ఒక వంట తెచ్చుకుని కలిసి తినే పాట్‌లక్‌లో బూట్ల సంగతి ఎత్తగానే అందరూ విరగబడి నవ్వారు. "ఎవరా మహానుభావుడు?" అనడిగితే నా వేలు వాడివైపు చూపించింది. వాడు పెరుగన్నం కలుపుకుంటూ అందరితో పాటు నవ్వాడు.

పోయిన శనివారం వాడి ఎనిమిదేళ్ళ కూతురు పదిమందిలో "డాడీ, నువ్వు షూస్ అలా లీవ్ చేశావా? సో సిల్లీ" అంది. "అవు బిడ్డా" అన్నాడు వాడు. ఇక ఆగలేక లేచి నిజం చెప్పాను. ఒక్కరు నమ్మితే ఒట్టు. "డాడీని సేవ్ చేస్తున్నారు కదా అంకుల్, యూ ఆర్ సో నైస్" అంది ఆ పిల్ల. పన్నెండేళ్ళు అబద్ధం నమ్మినవాళ్ళు ఒక్క నిమిషం నిజం నమ్మలేరా? అందుకే ఇలా రాయాల్సొచ్చింది.

ఇన్నేళ్ళూ ఎందుకు నోరు మెదపలేదని కార్ దగ్గర వాణ్ని నిలదీశాను. "నువ్వు చెప్తే మంచిగుంటది మామా, నేను గూడ నవ్వుత" అన్నాడు. కార్ తలుపు తీస్తూ అడిగాడు: "ఇంతకీ పైన ఏముండె?"

ఒక్కసారైనా వాడికది చెప్పలేదని అప్పుడు తట్టింది. "మబ్బురా. ఏమీ కనబడలేదు" అన్నాను. మబ్బులో నిలబడి, అరువు బూట్లతో, ఏదో గొప్పది చూసినట్టు ఫోటోకి ఛాతీ విరిచిన ఆ ఇరవై ఎనిమిదేళ్ళ మొనగాడు గుర్తొచ్చి, సిగ్గుపడుతూనే నేనూ నవ్వాను.