ఎర్ర గుడ్డ మీద పీయూష గ్రంథి

పీయూష గ్రంథి బఠాణీ గింజంత ఉంటుంది. అంత చిన్న వస్తువు నా నౌకరీని మింగేసింది, కొద్దిలో నా వీపు విమానం మోత మోగేది. ఎట్లాగో చెబుతాను, నవ్వుకోండి.

అవి ఊళ్లలో నక్సలైట్ అన్నలు, రోడ్ల మీద పోలీసులు తిరిగే రోజులు. జగిత్యాలలో డిగ్రీ ముగించి సిరిసిల్లలో మా ఇంటికి చేరాను. కోరుట్లలో ఒక ప్రైవేటు బడివాళ్లు సైన్సు సారు కావాలని, ముందుగా ఒక పాఠం చెప్పి చూపించమని కబురు పెట్టారు. మా నాయన సాంచెలు, అంటే మరమగ్గాలు, నడిపేవాడు.

"గీ నౌకరి రాకుంటే రేపటి సంది సాంచెల కాడికి రావాలె" అన్నాడు. ఆ చప్పుడంటే నాకు చచ్చేంత భయం.

పాఠం వినాళ గ్రంథులు. బొమ్మ గీయడానికి అట్ట కొనడం దండగ కదా, ఇంటినిండా నాయన నేసిన లంగాల గుడ్డ ఉండగా. చేతికందిన ముక్క ఎర్రది. ఎరుపు మీద తెలుపు బాగా కనబడుతుందని తెల్ల రంగుతో మనిషి బొమ్మ వేశాను. పిల్లలకు తేలికగా ఉండాలని గ్రంథుల పేర్లకు బదులు వాటి పనులు రాశాను. తలలో పీయూష గ్రంథి దగ్గర 'నాయకుడు: కనబడకుండా ఆజ్ఞలిస్తాడు'. మెడలో అవటు గ్రంథి దగ్గర 'నాయకుడు చెప్పినట్టు చేస్తాడు'. మూత్రపిండాల మీది అధివృక్క గ్రంథుల దగ్గర 'ఆపద వస్తే కొట్లాట లేదా పరుగు'. నా తెలివి చూశారా?

గుడ్డ చుట్టుకుని కోరుట్ల బస్సెక్కితే సగం దారిలో పోలీసులు ఆపారు. ఎస్సై గుడ్డ విప్పించి, మొదటి నుంచి చివరిదాకా చదివాడు. నా పక్క సీటాయన నెమ్మదిగా లేచి వెనక్కి వెళ్లిపోయాడు.

"ఎవడు గీ నాయకుడు?"

"పీయూష గ్రంథి, సార్."

"యాడుంటడు?"

"తలకాయల, సార్. మెదడు కింద."

"గన్ని చెమటలెందుకు?"

"అది అడ్రినలిన్, సార్. భయమైతే అధివృక్క గ్రంథులు ఇడుస్తయి. గుండె దడ, చెమట, గుడ్డ మీద రాసిన చూడున్రి, కొట్లాట లేదా పరుగు..."

"ఉరుకుతవా?"

"లేదు, సార్."

నిజానికి కాళ్లు సిద్ధంగానే ఉన్నాయి.

"నువ్వు సారువే అయితే మా కానిస్టేబుళ్లకు సమజయ్యేటట్టు చెప్పు" అన్నాడు ఎస్సై.

ప్రాణం మీదికి వచ్చేసరికి ఎక్కడలేని తెలివి వచ్చింది. "పీయూష గ్రంథి ఎస్పీ సారు లెక్క. తక్కిన గ్రంథులు స్టేషన్లు. ఎస్పీ సారు హుకుం నెత్తుర్ల పోతది, గదే హార్మోన్. పని అయినంక కింది నుంచి ఖబర్ పోతది, ఆయన హుకుం ఆపుతడు."

"గిట్ల రాయాలె గని, నాయకుడేంది?" అని ఎస్సై గుడ్డ ఉంచుకుని నన్ను వదిలేశాడు.

కోరుట్ల చేరాను గానీ ఎస్సై ఇంకా ఎదురుగా నిలబడ్డట్టే ఉంది. తరగతిలో నోరు తెరిస్తే బస్సులో చెప్పిన పాఠమే వచ్చింది, ఎస్పీ సారు, స్టేషన్లు, హుకుంలతో సహా. పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. గంట కొట్టాక బడి యజమాని నన్ను పక్కకు పిలిచి చేతులు జోడించాడు.

"సారూ, పాఠం మంచిగనే చెప్పిన్రు. గని పోలీసోళ్ల మనిషిని పెట్టుకున్నమని ఎరుకైతే అన్నలు మా బడిని ఉండనియ్యరు. మీ డ్యూటీ ఇంకో ఊళ్లె చేసుకోన్రి."

మర్నాడు సాంచెల ముందు నిలబడి, చెవుల్లో దూది కుక్కుకుని, గట్టిగా ఒట్టు పెట్టుకున్నాను. పీయూష గ్రంథిని ఇక జన్మలో ఎవరితోనూ పోల్చను. ఎవరడిగినా ఒకటే జవాబు: అది మెదడు కింద ఉంటుంది, అంతకుమించి నాకేమీ తెలియదు, సార్.