బీడీల చాట మీద సంగీత పరీక్ష

పాట బాగుందో లేదో చెవి చెప్పాలంటారు. క్యాసెట్లు తిరిగిన ఆ రోజుల్లో మా ఎల్లారెడ్డి ఇంట్లో మాత్రం ఆ సంగతి నా చెయ్యి చెప్పేది. ఐదో తరగతితో బడికి దండం పెట్టి బీడీలు చుట్టడానికి కూర్చున్నదాన్ని నేను. (దండం నేను పెట్టలేదు, మా అవ్వ పెట్టించింది. మా దగ్గర అమ్మను అవ్వ అనే అంటాం.) కామారెడ్డి బస్టాండు దగ్గర మా మేనమామకు క్యాసెట్ల దుకాణం ఉండేది. సినిమా పాటలు వాటంతట అవే అమ్ముడుపోయేవి. చిక్కంతా శాస్త్రీయ సంగీతంతోనే. కొత్తగా పాడినవీ, పాత రికార్డుల నుంచి మళ్లీ ఎక్కించినవీ కలిసి వచ్చేవి. కొనేది ఒక్క సంగీతం టీచరమ్మ. ఆమె "వీటిలో ఏది బాగుందయ్యా?" అని అడిగితే మామకు చెమటలు పట్టేవి. అందుకని ఒక పాత టేపురికార్డరు తెచ్చి నా ముందు పెట్టాడు. "పొద్దంత ఇంట్లనే కూసుంటవు గద బిడ్డా, విని మంచిదేదో చెప్పు. చెప్పినన్ని రోజులు ఈ డబ్బ నీదే. తప్పు చెప్పినవో, ఎత్కపోత!" అన్నాడు. ఆ డబ్బా వచ్చాక మా ఇంటికే ప్రాణం వచ్చినట్టుండేది. దాన్ని వదులుకోవడం నా వల్ల కాని పని.

రాగమో తాళమో నాకేం తెలుసు? చాట ఒళ్లో పెట్టుకుని, తునికాకులో తంబాకు పోసి చుడుతూ వినేదాన్ని. చెయ్యి పరుగెత్తితే మంచి క్యాసెట్టు, నెమ్మదిస్తే చెడ్డది. ఒక వయొలిన్ ఆవిడ గట్టెక్కింది. ఒక కొత్తాయన రాగం తీస్తూ తీస్తూ ఉంటే నా చేతిలో ఆకు ఎండిపోయింది. "వద్దు మామా, ఈయన పండుకున్నడు" అని తీర్పు చెప్పాను. మామ ఆ తీర్పులను "మా ఎల్లారెడ్డిల ఒక విద్వాంసురాలున్నది, ఆమె మాట" అంటూ టీచరమ్మకు చేరవేసేవాడట.

ఒకసారి ఎప్పుడో కాలం చేసిన ఒక పెద్దాయన కచేరీ క్యాసెట్టుగా వచ్చింది. పెట్టగానే నా వేళ్లు ఎగిరాయి. పొద్దు గూకకముందే చాట ఖాళీ. "గీయన్నే రోజు పెట్టే" అని అవ్వ కూడా మురిసింది. "గింత మంచిది ఇప్పటిదాంక రాలే మామా" అని పంపాను. నాలుగు రోజులు తిరక్కుండానే మామ బస్సు దిగాడు, వెనకాలే ఆ క్యాసెట్టు పట్టుకుని టీచరమ్మ. "ఏరయ్యా మీ విద్వాంసురాలు?" అంటూ లోపలికొచ్చి, చాట ముందున్న నన్ను చూసి, మామను చూసింది. మామ పైకప్పును చూశాడు.

"ఏమ్మా, ఇది బాగుందన్నది నువ్వా? ఆయనది ఎంత గంభీరమైన గొంతు! ఇందులో చిన్నపిల్ల బస్సు వెంట ఉరుకుతూ పాడినట్టుంది. ఎక్కించినవాళ్లు వేగం తప్పారు తల్లీ."

"ఉరికితే మంచిదే గదమ్మా, మాకు బీడీలు జల్ది అయితయి" అంది అవ్వ.

"డబ్బ ఇటియ్యి" అని మామ చెయ్యి చాచాడు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఒక్కపారి అందరం ఇందాం మామా, తర్వాత తీస్కపో" అని బతిమాలి పెట్టబోతే, కరెంటు పోయింది. ఉరికి పాత బ్యాటరీ సెల్లులు తెచ్చి డబ్బాలో వేశాను. (అయిపోయిన సెల్లులను అవ్వ పారేసేది కాదు, వడియాల పక్కన ఎండబెట్టి దాచేది.)

టేపు మూలుగుతూ కదిలింది. ఆ ఉరుకుతున్న గొంతు నెమ్మదించింది, బరువెక్కింది, చివరికి ఒక పెద్దమనిషి గొంతయింది. టీచరమ్మ కళ్లు మూసుకుని "ఇదీ ఆయన" అంది. కళ్లు తెరిచి నా వైపు చూస్తే, నా చేతిలో సగం చుట్టిన బీడీ అలాగే ఉంది.

"చెయ్యి ఆగింది చూశావా? ఇక నుంచి ఏది వింటే ఆగుతుందో అదే నాకు పంపు" అంది. మామతో "డబ్బా ఇక్కడే ఉండనీ. క్యాసెట్టు నేనే ఉంచుకుంటాను. ఆ సెల్లులు కూడా ఇప్పించయ్యా" అంది.

"సెల్లులు ఇయ్య!" అంది అవ్వ. "ఇంకో ఎండ పెడితే మంచిగ నడుస్తయి."

అలా డబ్బా నిలిచింది. అవ్వకే కష్టమొచ్చింది. మంచి క్యాసెట్టు వచ్చిన రోజల్లా బీడీలు తక్కువ. "చెడ్డయి పంపుమను మీ మామను!" అని గొణిగేది.

బీడీలు మానేసి చాలా ఏళ్లయింది. ఇప్పుడు మా కోడలు ఫోన్లో ఏ పాట అడిగితే ఆ పాట పెడుతుంది. కానీ ఖాళీ చేతులతో వింటే అది ఎలా ఉందో నాకు తేలదు. అందుకని ఎల్లిగడ్డలు, అదే వెల్లుల్లి, ముందేసుకుని, ఒలుస్తూ వింటాను. మొన్న ఆ పెద్దాయన కచేరీనే పెట్టింది. ఈసారి వేగం సరిచేసి, శుభ్రం చేసి మళ్లీ వదిలారట. "ఎట్లున్నది అత్తమ్మా?" అని వంటింట్లోంచి అడిగింది. ఆ పూట మా ఇంట్లో పప్పుకు ఎల్లిగడ్డ పోపు పడలేదు.