మోస్టార్‌కి నాలుగో మనిషి

"మోస్టార్ వెళ్దామే. చవకలో అయిపోతుంది," అన్నారు మా ఆయన, కంప్యూటర్ మీంచి కళ్ళు తిప్పకుండానే.

నా చేతిలోని చిక్కుడుకాయ చేతిలోనే ఉండిపోయింది. పాప పోయి అప్పటికింకా ఏడాది కాలేదు. మోస్టార్ మా పాప ఊరు. అంటే అక్కడ పుట్టిందని కాదు, మాలో ఎవరూ ఆ ఊరి మొహం చూసింది లేదు. ఒకరోజు టీవీలో చూపించారు. బోస్నియాలో ఒక పాత ఊరు, పచ్చటి ఏరు, ఏటి మీద ఒకే ఒక్క వంపుతో రాతి వంతెన. టర్కీ సుల్తానుల కాలంలో కట్టారట, మొన్నటి యుద్ధంలో కూలగొట్టారట, మళ్ళీ అదే రకం రాయి తెచ్చి అచ్చం అలాగే నిలబెట్టారట. ఇవేవీ పాపకి పట్టలేదు. కుర్రాళ్ళు ఆ వంతెన మీంచి నీళ్ళలోకి దూకుతున్నారు, అదీ దాని గొడవ. "నాన్నా, దే జంప్ లా! వీ గో, కెన్?" అని ఈ సింగపూర్ పిల్లల ఇంగ్లీషులో అడుగుతూ ఆయన వీపెక్కేసింది. "కెన్, కెన్. నీకు పదేళ్ళు రానీ," అన్నారాయన.

పదేళ్ళు రాలేదు. డెంగీ వచ్చింది. జ్వరమే కదా అనుకుంటుండగానే అంతా అయిపోయింది.

ఆ తర్వాత ఈ మనిషి నోట పాప మాట రాలేదు. పేరు సరే, "పాప" అన్న మాట కూడా రాలేదు. ఇప్పుడేమో మోస్టార్ అంటున్నారు, అది కూడా చవకని! పారిస్ ఖరీదు, లండన్ ఖరీదు, అందుకని మోస్టార్. ఆ ఊరి పేరు ఎవరు ఇంట్లోకి తెచ్చారో గుర్తుందో లేదో కూడా ఆ మొహంలో తెలియలేదు.

ఇక్కడ మీకో రాయి సంగతి చెప్పాలి. మా వైపు ముగ్గురు కలిసి ప్రయాణం కట్టకూడదంటారు. ముగ్గురు బయల్దేరితే వెళ్ళిన పని చెడుతుందని పట్టింపు. తప్పనిసరైతే ఒక రాయి తీసి జేబులో వేసుకుంటారు. అది నాలుగో మనిషి లెక్క. పాప చంకలో ఉండగా రాజమండ్రి నుంచి సింగపూర్‌కి బయల్దేరుతుంటే మా అత్తగారు వాకిట్లోంచి రేగుపండంత గులకరాయి ఏరి కొడుకు చొక్కా జేబులో పడేశారు. "ప్రోగ్రాములు రాసుకునేవాడి జేబులో ఈ రాయేంటమ్మా," అని ఈయన విసుక్కున్నారు గానీ, తీసి పారేసే ధైర్యం మాత్రం చెయ్యలేదు. ఆ తర్వాత మేం మలక్కా బస్సెక్కినా, సెలవులకి ఇంటికి వెళ్ళినా జేబులో అది ఉండాల్సిందే.

మాటలొచ్చాక పాప దానికి స్టోన్ అంకుల్ అని పేరు పెట్టింది. ఈ ఊళ్ళో పిల్లలకి పెద్దవాళ్ళెవరైనా అంకులే కదా. నల్ల మార్కర్‌తో దానికి రెండు కళ్ళు గీసింది, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. బస్సులో కూర్చోగానే, "నాన్నా, స్టోన్ అంకుల్ గాట్ సీట్ ఆర్ నాట్?" అని అడిగేది. ఆయన జేబు తెరిచి చూపించేవారు. "గాట్, గాట్," అనేవారు. అప్పుడుగానీ కుదురుగా కూర్చునేది కాదు.

పాపని సాగనంపి ఇంటికొచ్చిన రోజు చూస్తే, టీవీ పక్కన ఉండాల్సిన రాయి లేదు.

"రాయేదండీ?" అన్నాను.

"ఇద్దరమేగా. ఇంక దాంతో ఏం పని," అని స్నానానికి వెళ్ళిపోయారు.

పారేశారన్నమాట అనుకున్నాను. ఇద్దరమేగా అన్న మాట ఎన్ని రోజులైనా చెవిలోంచి పోలేదు.

ఇల్లు మాత్రం పాపని వదల్లేదు. బుకిట్ పంజాంగ్‌లో మా ఫ్లాట్ కిటికీ పక్కనుంచే చిన్న రైలు పోతుంది. బిల్డింగుల దగ్గరికి రాగానే, లోపలివాళ్ళకి మన ఇళ్ళు కనబడకుండా, దాని అద్దాలు వాటంతటవే తెల్లగా మసకబారతాయి. "అమ్మా, ట్రెయిన్ కళ్ళు మూసుకుంది!" అని పాప ప్రతిసారీ అరిచేది. పాప పోయాక కూడా రైలొస్తే నేను పని ఆపి నిలబడేదాన్ని, ఆ అరుపు కోసం. ఒక్కోసారి వినబడేది. పిచ్చి అనుకుంటారేమో, అనుకోండి. మధ్యాహ్నం పూట గదిలో బొమ్మల డబ్బా కదిలిన చప్పుడు నా చెవులతో విన్నాను. భయం వెయ్యలేదు. ఆ చప్పుడు ఆగిపోతుందేమో అన్నదే నా భయం. అన్నం వడ్డించేటప్పుడు మూడో కంచం తీసి మళ్ళీ గూట్లో పెట్టేదాన్ని. ఆయన చూసేవారు. చూసి టీవీ సౌండు పెంచేవారు.

ఆ ఇంట్లో పాపతో నేనొక్కదాన్నే మిగిలినట్టుండేది. అందుకే గట్టిగా అనుకున్నాను. ఈ ప్రయాణం అయ్యేలోపల ఆయన నోట పాప మాట ఒక్కటంటే ఒక్కటి రావాలి. రాకపోతే కాకినాడలో మా అక్క దగ్గరికి వెళ్ళిపోతాను, ఇంక తిరిగి రాను. ఆయనకి చెప్పలేదు. అక్కని మాత్రం ఫోన్లో, "మీ మేడమీద గది ఖాళీగానే ఉందా?" అని అడిగాను. ఉందంది. ఎందుకని అడగలేదు, తెలివైంది.

ఇక ఈయన ప్లానింగ్ చూడాలి! కంప్యూటర్ తెలిస్తే చాలు, కంపెనీలు పిలిచి కూర్చోబెట్టే రోజులవి. పాయా లేబర్ పేటలోని ఆఫీసులో ఈయన తోటివాళ్ళందరూ స్విట్జర్లాండ్ మంచులో ఫోటోలు దిగొస్తున్నారు. ఈయన మాత్రం ఇస్తాంబుల్ మీదుగా పోతే ఎంత తగ్గుతుంది, సరయేవో నుంచి మోస్టార్‌కి రైలు చవకా బస్సు చవకా అని సాయంత్రాలన్నీ తవ్వుతూ కూర్చునేవారు. రైలే చవకట, పైగా ఏటి పక్కనే పోతుందట. హోటలొద్దు, ఇళ్ళవాళ్ళే గదులిస్తారట. తిండికి బుల్లి రైస్ కుక్కరు, కందిపొడి, పులిహోర పొడి. ఆవకాయ కారకుండా సీసాకి కవరు మీద కవరు. మార్చిలో వెళ్తే టికెట్లు బాగా దిగుతాయని కూడా కనిపెట్టారు.

"మార్చిలో చలి కదండీ. వంతెన మీంచి దూకేవాళ్ళెవరూ ఉండరేమో," అన్నాను. కావాలనే అన్నాను. ఆ మాట మీదైనా కదులుతారేమోనని.

"వాళ్ళని చూడ్డానికే వెళ్తున్నామా ఏంటి," అన్నారు.

ఒళ్ళు మండిపోయింది. మరి దేన్ని చూడ్డానికండీ, అని నాలుక చివరిదాకా వచ్చింది. అడగలేదు. నేనడిగితే వచ్చే మాట నాకక్కర్లేదు. దానంతటది రావాలి.

టోవా పాయోలో ఉండే ఆంటీ ఒకావిడ మమ్మల్ని పలకరించడానికి వచ్చింది. ఈ ఊళ్ళో తలనెరిసిన మనిషి, ఆవిడ తెలుగులో సగం అరవం, కాస్త మలయ్. సంగతి వినగానే గడ్డం కింద చెయ్యి పెట్టుకుంది. "అయ్యయ్యో, ఎన్నమ్మా ఇది? బిడ్డ పోయి ఏడాది తిరగలా, జాలాన్ జాలాన్ అని షికారు పోతారా? ఆ డబ్బులు పెట్టి కాశీకి పోండి, రామేశ్వరం పోండి."

"లెక్క చూశానాంటీ. కాశీకి పోయి అక్కణ్ణించి అందరిళ్ళకీ వెళ్ళొచ్చేసరికి దీనికంటే ఎక్కువవుతుంది," అన్నారు ఈయన, తొణక్కుండా.

నాకు తల కొట్టేసినట్టయింది. ఆంటీ కాఫీ సగంలో వదిలేసి లేచింది. లిఫ్టు దాకా వెళ్తే నా చెయ్యి పట్టుకుని, లిఫ్టు వచ్చినా వదల్లేదు. ఆవిడకున్నపాటి అర్థం చేసుకునే మనసు ఈయనకి లేకపోయింది అనుకున్నాను.

ఇంకో నాలుగు రోజులకి గది ఖాయమైందన్నారు.

"మూడు మంచాల గది తీసుకున్నాను."

"రెండు మంచాలది లేదా?"

"ఉంది. అది ఇంకొంచెం తక్కువే."

"మరి?"

"కుక్కరు పెట్టుకోవాలిగా. చోటుండాలి."

గరిటె తీసి సింకులో విసిరికొట్టాను. బయటికెళ్తే నీళ్ళ సీసా కొనడానికి ప్రాణం ఒప్పని మనిషి కుక్కరుకి మంచం వేయిస్తున్నాడు! నిజంగా నవ్వొచ్చింది. నవ్వుతూ బాత్రూంలోకి పోయి కుళాయి తిప్పుకుని ఏడ్చాను. కాకినాడ గది నాకు కళ్ళముందు కనబడుతూనే ఉంది, కిటికీ, మంచం, దండెం అన్నీ.

బయల్దేరిన రోజు పెట్టెలు గుమ్మం బయట పెట్టి తాళం వేస్తున్నారు. అప్పుడే రైలొచ్చింది. అద్దాలు తెల్లబడ్డాయి. నేను ఆగిపోయాను. ఆయన చెయ్యి కూడా తాళం మీద ఆగిపోయింది. రైలు వెళ్ళాక, "ఏదో ఇరుక్కుంది ఇందులో," అన్నారు. ఏమీ ఇరుక్కోలేదు, మామూలుగానే తిరిగింది.

చాంగీ ఎయిర్‌పోర్టులో సెక్యూరిటీ దగ్గర నాది అయిపోయి అవతల నిలబడ్డాను. ఆయన ట్రే బయటికొచ్చింది. పర్సు, ఇంటి తాళాలు, చిల్లర. వాటి మధ్య స్టోన్ అంకుల్.

గుర్తుపట్టడానికి క్షణం కూడా పట్టలేదు. ఒక కన్ను పెద్దది, ఒకటి చిన్నది. మార్కర్ చెరిగిపోకుండా చుట్టూ సెల్లోటేపు వేసి ఉంది. టేపు అంచులు నలిగి నల్లగా మురికి పట్టాయి. రోజూ జేబులో పాయా లేబర్ పోయి రావడం వల్ల పట్టిన మురికి అది. ఆయన చొక్కాలు ఉతికేది నేనే. ఒక్కరోజు కూడా నా చేతికి తగల్లేదు.

అక్కడున్న ఉద్యోగిని దాన్ని వేళ్ళతో పైకెత్తింది. "సర్, వాట్ ఈజ్ దిస్ ఆహ్? స్టోన్?"

"ఫర్ ట్రావెల్," అన్నారాయన. "అవర్ కస్టమ్. త్రీ పీపుల్ కెనాట్ గో. సో వీ టేక్ వన్ స్టోన్. దెన్ ఫోర్."

"యూ ఆర్ త్రీ?"

"త్రీ," అన్నారు. "మీ, మై వైఫ్, మై డాటర్."

ఆవిడ ఆయన వెనక్కి చూసింది, పాప కోసం. నేనూ చూశాను. వెనకాల ఒక పెద్దాయన బెల్టు విప్పుకుంటున్నాడు. ఆయనకీ మా ఆయనకీ మధ్య ఒక చిన్న పిల్ల నిలబడేంత ఖాళీ ఉంది. ఆ పెద్దాయన ఎందుకో ముందుకి జరగలేదు.

ఆవిడ రాయిని నెమ్మదిగా ట్రేలో పెట్టి, "ఓకే సర్, కెన్," అంది.

ఆయన దాన్ని తీసి చొక్కా జేబులో వేసుకుని నా దగ్గరికొచ్చారు. నా మొహం చూడలేక నేల చూస్తున్నారు. కాళ్ళకి బూట్లు కూడా లేవు, చేత్తో పట్టుకునున్నారు. కాకినాడ గదీ, దాని కిటికీ, అన్నీ ఎక్కడికి పోయాయో తెలియదు. నా నోట్లోంచి పాప మాటే వచ్చింది.

"స్టోన్ అంకుల్ గాట్ సీట్ ఆర్ నాట్?"

ఆయన జేబు తెరిచి చూపించారు.

"గాట్," అన్నారు. రెండోసారి అనలేకపోయారు.