సుప్రియ పోసిన మంచు

'చలికాలం' అన్న బటన్ నొక్కగానే గిద్దలూరు స్టేషను మీద మంచు కురిసింది. మన పొగమంచు కాదు, కాశ్మీరులో కురిసే మంచు. ప్లాట్‌ఫారం రేకుల మీద, వేపచెట్ల కొమ్మల మీద, సిమెంటు బెంచీల మీద జానెడు మందాన తెల్లగా పేరుకుపోయింది. సుప్రియ నోటికి చేయి అడ్డం పెట్టుకుని నవ్వు ఆపుకోలేకపోయింది. ఆటో ఆపి లోపలికొచ్చిన చెన్నకేశవులు భార్య భుజం మీంచి తొంగి చూశాడు.

"ఏందే ఇది? స్టేషను మీద ఎవరో పెరుగన్నం కలిపినట్టుంది!"

"ఆట చేసినోళ్ల దేశంలో చలికాలమంటే ఇదేనంట. మన చలికాలం మనమే చేసుకోవాల."

కంప్యూటర్‌లో రైలు తోలే ఆట అది. ఇంజనులో కూర్చున్నట్టే ముందు పట్టాలు కనబడతాయి, బ్రేకు వేస్తే బండి బరువు తెలుస్తుంది. దారులు మాత్రం ఎవరికి కావలసినవి వాళ్లు తయారు చేసి పెట్టుకోవచ్చు. సుప్రియ తయారుచేస్తున్నది గిద్దలూరు నుంచి దిగువమెట్ట, చెలమ మీదుగా నల్లమల దాటే దారి.

ఆమెది బస్టాండు పక్కన ఫ్లెక్సీ దుకాణం. పెళ్లిళ్లకు, పుట్టినరోజులకు, పోయినవాళ్లకు బోర్డులు వేస్తుంది. ఫోటోలు కత్తిరించడం, అతికించడం, ఒకదాని మీద ఒకటి పొరలు పరచడం ఎవరూ నేర్పలేదు. చూసింది, పాడుచేసింది, మళ్లీ చేసింది. ఆ పనే ఇక్కడ అక్కరకొచ్చింది. కొండను తొలిచి పట్టాలు వేసిన చోట బండరాయిని ఫోటో తీసి, ఆటలోని గోడకు చర్మంలా తొడిగింది. సొరంగం మూతి దగ్గర మసి కూడా నిజం మసి ఫోటోనే. చెన్నకేశవులు పాత ఆటో క్లచ్ లివరు ఒకటి బల్లకు బిగించి, తీగలు కలిపి బ్రేకు పిడి చేసిచ్చాడు. బేరాలు లేని వేళల్లో కూర్చుని రెండేళ్లుగా పట్టాలు పరుస్తూనే ఉంది. ఇక మిగిలింది చలికాలం ఒక్కటే.

ఆ ఒక్కదాని మీదే అంతా ఆగింది. రైల్వే క్వార్టర్ల వెనక వీధిలో ఉండే ఎబినేజర్ గారు ఆ ఘాట్‌లో ప్యాసింజర్లు, గూడ్సులు తోలి రిటైరైన డ్రైవరు. కొత్త సంవత్సరం రాగానే నంద్యాల నుంచి ఆయన జతగాళ్లు, పాత డ్రైవర్లందరూ, ఆయన పిలిస్తే వస్తామన్నారు. వాళ్లు కూర్చుని తోలి, "ఇది మన ఘాటే" అనాలి. అదే సుప్రియ కోరిక. ఆ దారిలో బతికినవాళ్లు ఒప్పుకోకపోతే రెండేళ్ల పని ఉత్త బొమ్మలాటే అవుతుందని ఆమెకు తెలుసు.

ఎబినేజర్ గారు ముందే షరతు పెట్టాడు.

"మొదట నేను తోలి చూస్తానమ్మాయ్. మంచులో నా చేయి దానంతటది బ్రేకు మీదికి పోవాల. పోయిందా, వాళ్లను పిలుస్తా. లేదా, పిలవను. మా ప్రభాకరరావు నోరు నీకు తెలీదు, ఊరంతా ఇనబడేట్టు నవ్వుతాడు."

సుప్రియ తనకొచ్చిన పనంతా పెట్టి పొగమంచు తయారుచేసింది. పల్చటి తెల్లని పొరలు, వెనకున్నది కనబడీ కనబడనట్టు, పట్టాల పొడవునా ఒకదాని మీద ఒకటి పరిచింది. పొద్దెక్కేకొద్దీ అవి మెల్లగా పైకి లేచేట్టు పెట్టింది. చూసుకుంటే ఆమెకే ఒళ్లు జలదరించింది.

ఎబినేజర్ గారు వచ్చి కూర్చున్నాడు. దిగువమెట్ట దాటింది బండి. ఎడమ చేత్తో టీ తాగుతూ, కుడి చేయి ఒళ్లో పెట్టుకుని, అదే వేగంతో పోనిచ్చాడు. బ్రేకు వంకైనా చూడలేదు.

"ఏం పెదనాయనా, భయం కాలేదా?"

"భయమెందుకు? ఎక్కడ చూసినా ఒకటే తీరుగా ఉంది, కండ్లు అలవాటు పడిపోయినాయి." ఆయన గ్లాసు కింద పెట్టి ఆమె వైపు తిరిగాడు. "నువ్వు పుట్టింది యాడమ్మాయ్?"

"కంభం."

"అనుకున్నా! కంభం చెరువును ఎత్తుకొచ్చి దిగువమెట్టలో పోసినావు. నీళ్ల మీంచి లేసే మంచు ఇది. అడివిలో మంచు లేవదు, దిగుతది."

చెన్నకేశవులు పకపకా నవ్వాడు. "పుట్టింటి మీద మమకారం పోలే పెదనాయనా! మంచు కూడా ఆడినుంచే తెచ్చుకునింది."

సుప్రియకు కోపం రావలసింది. రాలేదు. ఎక్కడ తప్పిందో తెలిసిపోయింది, అందుకు సంతోషం ముంచుకొచ్చింది. నిజమే. చిన్నప్పుడు చెరువుకట్ట మీద నిలబడి చూసిన తెల్లవారుజాములే ఆమె కంట్లో ఉన్నాయి. ఘాట్‌కు ఎన్నోసార్లు పోయింది గానీ ఫోటోలకు వెలుగు బాగుంటుందని ఎండ వచ్చాకే పోయింది. మంచును అక్కడ చూడనే లేదు.

"ఏమయ్యా, రేపు తెల్లారకముందే దిగువమెట్ట పోవాల. ఆటో తియ్."

"ఈ చలిలోనా? నీ పిచ్చి నాకూ అంటిస్తన్నావు," అన్నాడు గానీ, మరుసటి పొద్దున ఆమెకంటే ముందు మఫ్లరు చుట్టుకుని కూర్చున్నాడు.

దిగువమెట్ట అవతల రైలు గేటు దగ్గర కాశయ్య ఎదురయ్యాడు. అక్కడి చెంచుగూడెం మనిషి, రైల్వేలో గ్యాంగుమ్యాన్. చలికి పట్టాలు ముడుచుకుని ఒక్కోసారి పగులుతాయి. అందుకని చలికాలం తెల్లవారుజామున సుత్తి భుజాన వేసుకుని పట్టాల వెంట నడిచి చూడడం అతని డ్యూటీ. అప్పుడే దిగి వస్తున్నాడు. సంగతి విని ఎగాదిగా చూశాడు.

"మంచు చూసేదానికి వచ్చినారా? అది చుట్టమా ఏంది, మీరొచ్చినారని నిలబడేదానికి?"

"చూపియ్యన్నా, నీకు పుణ్యముంటది."

అతను గేటు పక్కన ఎత్తుగా ఉన్న చోటికి తీసుకుపోయి చేయి చాపాడు. సుప్రియ ఊపిరి బిగబట్టి చూసింది. మంచు అంతటా లేదు. కొండ మీంచి వాగు వెంట నీళ్లలాగే దిగుతోంది. రైలుకట్ట అడ్డం రాగానే ఆగి, నిండి, కట్ట మీంచి అవతలికి పొర్లుతోంది. పొర్లిన చోట పట్టాలు మాయం. నాలుగడుగులు ఇవతల గులకరాయి కూడా స్పష్టంగా కనబడుతోంది.

"వాగున్న కాడల్లా ఇట్లనే దాటుతాది చెల్లెమ్మా. కొండను కోసిన సందులో ఉండదు, గాలి తోసేస్తాది. సందులోంచి బయటపడినావా, దబాలున మొగం మీద కొడతాది. డ్రైవర్లకు ఆడనే గుండె జారేది."

"ఓయమ్మా! ఇదే, ఇదే కావాల!" అని గట్టిగా అరిచి చెన్నకేశవులు చేయి గిల్లింది. "అన్నా, నువ్వొకసారి దుకాణానికొచ్చి నీ కట్ట చూడాల."

దుకాణానికి తిరిగొచ్చి పాత మంచునంతా తుడిచిపారేసింది. చెరిపేటప్పుడు చేయి ఒక్క క్షణం కూడా ఆగలేదు. వాగు దాటే ప్రతిచోటా మాత్రమే పొరలు పెట్టింది. కొండవైపు మందంగా, అవతలివైపు చిరిగిన దూదిలా. కొండ సందులు తేటగా వదిలేసింది. పెళ్లి ఫ్లెక్సీలకు పరదాలు వేసేటప్పుడు అంచులు కరిగించే కిటుకే ఇక్కడా వాడింది. పొర అంచు తెలిస్తే అది మంచు కాదు, గుడ్డ.

సంత రోజున కాశయ్య తేనె అమ్ముకుని దుకాణానికి వచ్చాడు. అదే సమయానికి ఎబినేజర్ గారూ వచ్చాడు. ఇద్దరూ ఒకరినొకరు గుర్తుపట్టి, కుశలాలు అయ్యాక, పెద్దాయన కుర్చీలో కూర్చున్నాడు.

బండి కదిలింది. మొదటి వాగు. తెర తెల్లబడి తేరుకుంది. ఆయన నడుము నిటారుగా అయింది. రెండో వాగు. కుడి చేయి ఒళ్లోంచి లేచి బ్రేకు పిడి మీద పడింది. సుప్రియ చెన్నకేశవులును మోచేత్తో పొడిచింది. పెద్దాయనకు అదేమీ తెలియదు, తల ముందుకు పెట్టి తెరలోకి కళ్లు చికిలించి చూస్తున్నాడు. కొండ సందు వచ్చింది, అంతా తేట. బయటపడగానే మంచు మొహాన కొట్టింది. ఆయన బ్రేకు లాగాడు. లాగుతుండగానే చెలమ సిగ్నలు ఎర్రగా కనబడి, పక్కనుంచి వెనక్కి వెళ్లిపోయింది.



"రెడ్డు దాటినా!" ఎబినేజర్ గారు లేచి నిలబడ్డాడు. "నా సర్వీసంతా ఒక్క రెడ్డు దాటలే. ఒక్కటి! ఈ పిల్ల దాటించింది నన్ను! అమ్మాయ్, పటాసు యాడ పెట్టినావు?"

"ఏం పటాసు పెదనాయనా?"

"పటాసు లేకుండా మంచు పోసినావా? మనుషులు చస్తారమ్మా!"

కాశయ్య నవ్వుతూ చెప్పాడు. మంచు కమ్మినప్పుడు సిగ్నలుకు చాలా ముందే పట్టా మీద తలనొప్పి బామ్ డబ్బీ అంత మందు కూరిన రేకుబిళ్ల కట్టేవాళ్లు. చక్రం ఎక్కగానే పేలుతుంది. సిగ్నలు దగ్గరకొచ్చిందని డ్రైవరు చెవితో తెలుసుకుంటాడు. "నేను కట్టేవాణ్ణి, ఈయన పేల్చేవాడు," అన్నాడు.

సుప్రియ అప్పటికే బల్ల సొరుగు వెతుకుతోంది. దీపావళికి మిగిలిన పిల్లల తుపాకీ బిళ్లలు దొరికాయి. షట్టరు కింది ఇనుప పట్టీ మీద పెట్టి సుత్తితో కొట్టింది. ఫోనులో రికార్డు చేసి వినిపించింది.

"కాదు చెల్లెమ్మా. ఇది గాలిలో మోగింది. అది చక్రం కింద నలిగి మోగుతాది. కాలికి తెలియాల."

ఆమె చుట్టూ చూసింది. ఫ్లెక్సీ అయిపోయాక మిగిలిన అట్టగొట్టం మూల నిలబెట్టి ఉంది. దాని ఒక మూతి ఇనుము మీద ఆనించి, రెండో మూతిలో ఫోను దోపి, "కొట్టు అన్నా," అంది. ఈసారి కాశయ్య కొట్టాడు. ఠప్ మని లోతుగా, బొంగురుగా వచ్చింది శబ్దం. కాశయ్య విని తల ఊపాడు.

ఆమె ఆ శబ్దాన్ని పట్టా మీద అతికిస్తున్నంత సేపూ ఎబినేజర్ గారు కుర్చీ వెనకే నిలబడి, "అయిందా? ఇంకా కాలేదా?" అని ప్రాణం తీశాడు.

అయింది. మళ్లీ దిగువమెట్ట, మళ్లీ వాగులు, కొండ సందు, మొహాన కొట్టిన మంచు. ఏమీ కనబడని తెలుపులోంచి ఠప్ మంది. కాశయ్య పాదం నేల మీద ఉలిక్కిపడింది. ఆ చప్పుడు ఇంకా గదిలో ఉండగానే పెద్దాయన చేయి బ్రేకును లాగేసింది. చక్రాలు కీచుమన్నాయి. బండి ఆగింది. కాసేపటికి మంచు పల్చబడితే, సిగ్నలు ఎర్రగా ఇంజను ముందే నిలబడి ఉంది.

ఎబినేజర్ గారు నుదుటి చెమట తుడుచుకుని ఫోను తీశాడు.

"ఒరేయ్ ప్రభాకరరావూ, కొత్త సంవత్సరం దాకా ఎందుకురా, రేపే అందరినీ తోలుకొని రా... ఏందా? మంచురా, మన చెలమ మంచు! స్వెటర్ ఏసుకొని రా."

ఫోను జేబులో వేసుకుని, కుర్చీ ఇంకాస్త ముందుకు జరుపుకున్నాడు.

"సిగ్నలియ్యమ్మాయ్. బండి లేటవుతుంది."